టైమరు వెలిగించిన దీపం ఎవరిది?

సందె దీపం పనిని గోడకున్న టైమరు స్విచ్చుకు అప్పజెప్పిన ఇళ్లు ఇవాళ చాలానే ఉన్నాయి. పూజగదిలో ఎల్‌ఈడీ దీపం, తులసికోట గూట్లో చిన్న బల్బు, వీధి గుమ్మం మీద మరొకటి. దీపాలు పెట్టే వేళకు వాటంతట అవే వెలుగుతాయి, రాత్రి పదింటికి వాటంతట అవే కొండెక్కుతాయి. ఇంటివాళ్లు ఆఫీసులో ఆలస్యమైనా, మోకాళ్ల నొప్పితో పెద్దావిడ మంచం దిగలేకపోయినా అసురసంధ్య వేళ ఇల్లు చీకటిగా ఉండదు. దీన్ని సదుపాయంగా మాత్రమే చూసేవాళ్లకు ఇందులో చర్చ లేదు. దీపం పెట్టడం ఒక కర్మ అని నమ్మేవాళ్లకు మాత్రం తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది: ఆ దీపం ఎవరు పెట్టినట్టు? భగవంతుడు మనసే చూస్తాడు, యంత్రమైతేనేం, చెయ్యైతేనేం అని ఒక సమాధానం. మీట కూడా నొక్కకుండా పూజేమిటని ఇంకొకటి. రెండూ తొందరపాటు సమాధానాలే. టైమరు పెట్టుకున్నంత మాత్రాన కర్మ మన చేతుల్లోంచి జారిపోదు, అలాగని అది మన బదులు కర్మ చేసిపెట్టనూ లేదు. దీపం పెట్టేవాడి చోటు నుంచి అది మనల్ని వేరే చోటికి జరుపుతుంది. ఆ చోటుకు మన యజ్ఞ సంప్రదాయంలో చాలా పాత పేరుంది, బరువైన బాధ్యత కూడా ఉంది. ఈ వ్యాసం చెప్పదలచింది అదే.

ముందు ఆ వస్తువు ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. టైమరు స్విచ్చులో ఉండేవి ముఖ్యంగా ఒక గడియారం, ఒక రిలే. మామూలు మీటకు ఫేజు వైరు వస్తుంది, మీట నొక్కితే బల్బు వైపు వెళ్లే వైరుకు కలుస్తుంది. టైమరుకు అంతటితో సరిపోదు. దీపం ఆరి ఉన్న వేళ కూడా గడియారం నడుస్తూనే ఉండాలి కాబట్టి దానికి న్యూట్రల్ వైరు కూడా కావాలి. పాత ఇళ్లలో కొన్ని బోర్డుల్లోకి న్యూట్రల్ వచ్చి ఉండదు. న్యూట్రల్ అక్కర్లేదని అమ్మే రకాలు బల్బు గుండానే కొద్దిపాటి కరెంటు లాక్కుంటాయి. పాత బల్బుకు అది లెక్కలోకి రాదు గానీ, రెండు మూడు వాట్ల ఎల్‌ఈడీ ఆ కొద్దిపాటికే రాత్రంతా మినుకుమినుకుమంటుంది. కరెంటు పోయినప్పుడు వేళ మరిచిపోకుండా లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే, కరెంటు తిరిగి వచ్చాక గడియారం మొదటికొచ్చి, సందె దీపం ఏ నడిరాత్రో మిట్టమధ్యాహ్నమో వెలుగుతుంది. ఏఎంకి పీఎంకి తేడా పడితే తెల్లవారుజామున వెలుగుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకే ప్రోగ్రాము పడితే, శని ఆదివారాల్లో అసలు వెలగదు. ఆరుంపావుకు వెలగమని ఏడింటికి కూర్చుని ప్రోగ్రాము పెడితే కొన్ని రకాలు ఆ పూట వెలిగించవు, మర్నాటి ఆరుంపావు కోసం ఎదురుచూస్తాయి. చేత్తో ఒకసారి ఆన్ చేసి, ఆ తరవాత ఆటోలో పెట్టాలి. వీటన్నిటిలో గమనించవలసింది ఒకటే. అగ్గిపుల్ల వెలగకపోతే మన కళ్లెదుటే వెలగదు, వెంటనే ఇంకో పుల్ల గీస్తాం. టైమరు తప్పినప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. దాని తప్పు చప్పుడు చేయదు.

తప్పడానికి యంత్రం చెడిపోనక్కర్లేదు కూడా. హైదరాబాదులో నవంబరు చివర సూర్యుడు దాదాపు 5:40కి అస్తమిస్తాడు, జూలై మొదట్లో దాదాపు 6:55కి. ఏడాది పొడుగునా 6:30కి వెలగమని టైమరుకు చెప్పి వదిలేస్తే, నవంబరులో చుక్కలు పొడిచాక వెలుగుతుంది, జూలైలో ఎండ ఇంకా గోడ మీద ఉండగానే వెలుగుతుంది. విశాఖపట్నంలో సూర్యుడు హైదరాబాదు కంటే దాదాపు 20 నిమిషాల ముందు దిగుతాడు కాబట్టి, అక్కడి అన్నగారి టైమరు లెక్క ఇక్కడి తమ్ముడికి పనికిరాదు. వేళ విషయంలో మన స్మృతులు మొదటి నుంచీ పట్టింపుగానే ఉన్నాయి. సాయం సంధ్యావందనానికి సూర్యుడు ఉండగా చేసేది ఉత్తమమని, సూర్యుడు దిగాక మధ్యమమని, నక్షత్రాలు కనిపించాక అధమమని మూడు మెట్లు పెట్టారు. వేళ దాటితే అదనంగా ఒక ప్రాయశ్చిత్తార్ఘ్యం ఇమ్మన్నారు. మరి టైమరుకు తెలిసింది అంకె, సంధ్య కాదు. రెండింటినీ కలిపి ఉంచవలసింది మనిషే. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే అస్తమయాన్ని తానే లెక్కగట్టే టైమర్లు ఉన్నాయి, అవి మేలే. వాటికి కూడా ఆ అంకెలు, ఆనాటి తేదీ సరిగ్గా చెప్పే మనిషి ఒకడు కావాలి.

చెయ్యి తగలని కర్మ కర్మ కాదన్న వాదం నిలవదు. భగవద్గీత 18వ అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అధిష్ఠానం అంటే శరీరమని, దైవం అంటే కన్ను మొదలైన ఇంద్రియాలకు తోడ్పడే ఆదిత్యాది దేవతలని శంకరులు భాష్యం రాశారు. ఈ ఐదూ ఉండగా తానొక్కడే కర్తనని అనుకునేవాడికి సరైన చూపు లేదని కూడా గీత అంటుంది. చేత్తో పెట్టిన దీపంలో మాత్రం మన చెయ్యి వాటా ఎంత? నువ్వులు పండించినవాడు, నూనె ఆడించినవాడు, వత్తి చేసిన ఆమె, అగ్గిపెట్టె, గాలి వీచకుండా ఆగిన క్షణం, ఇవన్నీ కలిస్తేనే వెలుగు. టైమరు ఆ వరుసలో కరణాల పక్కన చేరిన ఇంకో కరణం, అంతే. గీత లెక్కలో అది కర్త కాలేదు, కర్తను పక్కకు నెట్టనూ లేదు.

పూర్వమీమాంసకులు దీన్ని ఇంకాస్త బిగించారు. యాగంలో హోమం చేసేది ఋత్విజులు, ఫలం మాత్రం యజమానిది. ఇదెలా కుదురుతుందని జైమిని సూత్రాల మూడో అధ్యాయంలో పెద్ద విచారణ ఉంది. ద్రవ్యాన్ని దేవతకు వదులుకోవడం యజమాని తానుగా చేయాలి. మిగతా పనుల కోసం ఋత్విజులను దక్షిణతో కుదుర్చుకుంటాడు, అందుకే వాళ్లు చేసిన పని అతని పనే అవుతుంది. ఆరో అధ్యాయంలో ప్రతినిధి విచారణ వస్తుంది. వడ్లు దొరక్కపోతే నివ్వరి ధాన్యం, సోమలత దొరక్కపోతే పూతీక పెట్టుకోవచ్చు. దేవతకు, అగ్నికి, మంత్రానికి ప్రతినిధి లేదు. యజమానికీ లేడు. ఈ రెండు విచారణలు పక్కపక్కన పెట్టి చూస్తే టైమరు ఎక్కడ కూర్చుంటుందో తేలుతుంది. ఋత్విజుడు చేతనుడు, ఒప్పుకుని వచ్చినవాడు, దక్షిణ పుచ్చుకున్నవాడు. అతను తప్పు చేస్తే తప్పులో అతనికీ వాటా ఉంటుంది. టైమరు ఒప్పుకోలేదు, దక్షిణ పుచ్చుకోలేదు. అందువల్ల అది ఋత్విజుడు కాదు, జుహువు లాంటి పాత్ర. పాత్ర మీద తప్పు మోపలేం. మనిషికి అప్పజెబితే సగం దిగే బరువు, యంత్రానికి అప్పజెబితే చుట్టూ తిరిగి మొత్తంగా మన మీదకే వస్తుంది. టైమరు బాధ్యత తగ్గిస్తుందని అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇక్కడే ఉంది.

ఇదే ప్రశ్నను అవతలి కొస నుంచి పట్టుకుని శతాబ్దాలుగా తర్కించినవాళ్లు యూదులు. వాళ్ల విశ్రాంతి దినం శుక్రవారం సాయంత్రం సూర్యాస్తమయంతో మొదలై శనివారం రాత్రికి ముగుస్తుంది. ఆ రోజు ఇళ్లలో నిప్పు రాజేయకూడదని నిర్గమకాండం 35వ అధ్యాయం ఆదేశం. ఆచారం పాటించేవాళ్లు కరెంటు దీపం వెలిగించడాన్నీ అందుకే మానేస్తారు. అయితే శుక్రవారం పగలే టైమరు పెట్టి, శనివారం అదే వెలిగి అదే ఆరేలా ఏర్పాటు చేసుకోవచ్చా? దీనికి మూలం కరెంటు పుట్టక చాలా ముందే, మిష్నాలో షమ్మాయి వర్గం, హిల్లేలు వర్గం చేసిన వాదంలో ఉంది. సిరా దినుసులు నానబెట్టడం, అద్దకపు రంగులు నానబెట్టడం, జంతువులకూ పక్షులకూ చేపలకూ వలలు పన్నడం, ఇలాంటివి శుక్రవారం మొదలుపెట్టి, విశ్రాంతి దినంలో వాటంతట అవి సాగేలా వదిలేయవచ్చా అన్నది తగవు. పొద్దుండగానే పని పూర్తయ్యేలా ఉంటేనే మొదలుపెట్టాలని షమ్మాయి వర్గం అంది. పొద్దుండగా మొదలుపెడితే చాలని హిల్లేలు వర్గం అంది. ఆచారంలో నిలిచింది రెండోదే. దాని మీద ఆధారపడే చాలామంది పండితులు దీపాలకు టైమరును ఒప్పుకున్నారు. గత శతాబ్దంలో అమెరికాలో పేరుపొందిన ధర్మనిర్ణేత రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ (1895–1986) మాత్రం దీపాల వరకే ఒప్పుకుని, తక్కిన పనులకు కూడదన్నారు. గడియారానికి అప్పజెప్పి అన్ని పనులూ జరిపించుకోవచ్చంటే కర్మాగారాలే నడుస్తాయి, విశ్రాంతి దినానికి గౌరవం ఏం మిగులుతుందన్నది ఆయన బాధ.

ఈ వాదం మన దీపానికి గట్టి ఆక్షేపణ తెస్తుంది. శనివారం టైమరు వెలిగించిన దీపం నా పని కాదు కాబట్టే వాళ్లకు దోషం లేదు. మరి ఇక్కడ సందెవేళ టైమరు వెలిగించిన దీపం నా పని ఎలా అవుతుంది? దోషం దగ్గర యంత్రాన్ని ముందుకు తోసి, పుణ్యం దగ్గర మనం ముందుకు రావడం న్యాయం కాదు. నాకు తెలిసినంతలో టైమరు దీపం మీద వేయగలిగిన ఆక్షేపణల్లో ఇదే అన్నిటికంటే బలమైనది. మనసుంటే చాలన్న మాటతో ఇది తీరదు. దీన్ని ఒప్పుకుని ముందుకు వెళ్లాలి. టైమరు పెట్టిన రోజున చేసిన పని నాదే, అది ఆ రోజుతో అయిపోయింది. ఆ తరవాత ప్రతి సాయంత్రం వెలిగే వెలుగు ఆ ఒక్క పనికి వచ్చిన ఫలితం. సందె దీపమో? అది నిత్యకర్మ కోవలోది. ఏ రోజుది ఆ రోజే చేయాలి, మానితే ఆ రోజు లోటు ఆ రోజుదే. అగ్నిహోత్రం విషయంలో శ్రౌతసూత్రాలు మామూలు రోజుల్లో ఋత్విజుడో శిష్యుడో హోమం చేయవచ్చని వెసులుబాటు ఇచ్చి, పర్వదినాల్లో మాత్రం యజమాని స్వయంగా చేయాలన్నాయి. వెసులుబాటు ఉంది, పూర్తిగా వదిలేయడం లేదు. కాబట్టి టైమరు దీపం సందె దీపం కావాలంటే ఆ సాయంత్రానికి సంబంధించి మనిషి చేసే పని ఏదో ఒకటి ఉండి తీరాలి. మీట నొక్కడం ఎలాగూ లేదు. ఇంకేముంది?

యజ్ఞశాలలో చేతులు కదపకుండా, నోరు మెదపకుండా కూర్చునే ఋత్విజుడు ఒకడున్నాడు. అతని పేరు బ్రహ్మ. హోత ఋక్కులు చదువుతాడు, అధ్వర్యుడు ఆహుతులు వేస్తాడు, ఉద్గాత సామం పాడతాడు. బ్రహ్మ ఆహవనీయాగ్నికి దక్షిణంగా కూర్చుని చూస్తుంటాడు. బయటివాడికి అతను ఏ పనీ చేయనట్టే కనిపిస్తుంది. ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయం చివర అతని పనేమిటో వివరంగా ఉంది. తక్కిన ముగ్గురూ వాక్కుతో యజ్ఞాన్ని నడిపిస్తే అతను మనస్సుతో నడిపిస్తాడు. ఎక్కడైనా తప్పు దొర్లితే దాన్ని అతుకుతాడు. ఆ అతకడం ఎలాంటిదో చెప్పడానికి ఉపనిషత్తు కంసాలి కొలిమి దగ్గరకు వెళుతుంది: బంగారాన్ని క్షారంతో అతికినట్టు, వెండిని బంగారంతో, తగరాన్ని వెండితో, సీసాన్ని తగరంతో, ఇనుమును సీసంతో, కర్రను ఇనుముతోనో తోలుతోనో అతికినట్టు. ఏ లోహానికి ఏది అతుకుతుందో తెలిసినవాడే ఆ పని చేయగలడు. అందుకే తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు తేల్చుకొమ్మంటుంది. ఋక్కులో తప్పైతే గార్హపత్యంలో భూః అని, యజుస్సులో తప్పైతే దక్షిణాగ్నిలో భువః అని, సామంలో తప్పైతే ఆహవనీయంలో స్వః అని హోమం చేయాలి. అన్ని తప్పులకూ ఒకే మందు లేదు.

టైమరు పెట్టుకున్న ఇంటి మనిషికి దొరికే చోటు ఇదే. వెలిగించే పని అధ్వర్యుడిదైతే, ఇప్పుడు ఆ మనిషి కూర్చోవలసింది బ్రహ్మ స్థానంలో. సందెవేళకో, ఇంటికి చేరగానేనో దీపం వెలిగిందా లేదా అని కళ్లతో చూడాలి. వెలిగి ఉంటే చేతులు జోడిస్తే చాలు. వెలగకపోతే లోపం ఎక్కడో వెతకాలి. మీట చేత్తో వేస్తే వెలుగుతోందంటే బల్బు బాగుంది, తప్పు ప్రోగ్రాములో ఉంది. తెర మీద అంకెలే లేవంటే కరెంటు అందడం లేదు, న్యూట్రల్ వదులైందేమో చూడాలి. అంకెలు ఉన్నా వేళ తప్పుగా ఉంటే బ్యాటరీ అయిపోయింది. రిలే టక్కున కొట్టుకున్న చప్పుడు వినబడినా వెలుగు రాకపోతే బల్బో, బల్బు దాకా వెళ్లే వైరో. వైరు జోలికి పోవాలంటే మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని, చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఇంతలో ఆ సాయంత్రం దాటిపోకుండా ప్రమిదలో వత్తి వేసి ఒక దీపం పెట్టాలి. ఈ వరుసంతా పూజకు బయటిదని, ఇంటి మరమ్మతని ఎవరైనా అనుకోవచ్చు. ఛాందోగ్యం చదివినవాళ్లు అలా అనలేరు. లోపం మూలం తేల్చి, దానికి తగినదానితోనే అతకడం అక్కడ యజ్ఞాంగం. చూసి, సరిచేసేవాడు లేని యజ్ఞం యజమానికి చేటు తెస్తుందని కూడా ఆ ఘట్టమే చెబుతుంది.

భక్తి పక్షం నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. స్వామికి కావలసింది హృదయం, మానసపూజకే గొప్ప ఫలం చెప్పారు, ఈ వేళలూ వైర్లూ ఎందుకు అని. మానసపూజ గొప్పదే, అందులో నాకు సందేహం లేదు. అయితే మనసుతోనే పూజించదలచినవాడికి బల్బూ అక్కర్లేదు, టైమరూ అక్కర్లేదు. బయట దీపం ఉండాలని కోరుకున్నాక ఆ దీపానికున్న నియమాలకు ఒప్పుకున్నట్టే. హిమాలయ ప్రాంతాల్లో బౌద్ధులు వాగునీటితో తిరిగే మణిచక్రాలు కడతారు. మనిషి అక్కడ లేకపోయినా చక్రం తిరుగుతుంది, అందులోని మంత్రం లోకానికి మేలు చేస్తుందని వాళ్ల విశ్వాసం. దాన్ని చూపి, యంత్రమే చాలదా అనవచ్చు. అక్కడ ఉద్దేశం వేరు. మేలు సకల జీవులకూ పంచడం దాని లక్ష్యం, ఫలానా వ్యక్తి ఫలానా సాయంత్రం చేయవలసిన కర్మ అది కాదు. మన సందె దీపానికి ఇల్లుంది, ఇల్లాలుంది, ఆ రోజు ఉంది. పైగా ఆ చక్రం ఇరుసు అరిగినా, వాగులో చెత్త అడ్డుపడినా సరిచేయడానికి మనిషే రావాలి.

మీమాంసకుడి అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. అగ్నికి ప్రతినిధి లేదని మీరే చెప్పి, బల్బును దీపమంటారేమిటి అని. ఈ విషయంలో నేను వాదించను. ఆ నిషేధం శ్రౌతాగ్నికి సంబంధించినది, ఇంటి పూజలో దీపం ఉపచారాల్లో ఒకటి అని జవాబు చెప్పవచ్చు. అయినా కార్తికంలో, వ్రతాల్లో, పండగ నాళ్లలో నూనె దీపమే పెట్టాలని, చేత్తోనే పెట్టాలని నా అభిప్రాయం. అగ్నిహోత్రానికి పర్వదిన నియమం చెప్పిన సూత్రకారులూ అదే కొలత ఇచ్చారు. ఇక చూడటానికీ సరిచేయడానికీ ఇంత శ్రమపడేకంటే చేత్తోనే వెలిగించుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. వెలిగించుకోగలిగినవాళ్లు తప్పకుండా వెలిగించుకోవాలి. చెయ్యి వణికే పెద్దవాళ్లు, రాత్రి డ్యూటీకి సాయంత్రమే బయలుదేరే నర్సు, సందెవేళ దుకాణం వదలలేని వర్తకుడు, వీళ్లందరినీ దీపం లేనివాళ్లుగా చేయకుండా, చూసే పని వాళ్లకు మిగిల్చే దారి ఇది. చూడటం వణికే చెయ్యికి కూడా సాధ్యమే.

విదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి ఇంట్లో ఫోనుతో నడిచే స్విచ్చు పెట్టి, అమెరికా నుంచే తల్లిదండ్రుల పూజగది దీపం వెలిగిస్తున్న కాలమిది. వాళ్లది ఏ స్థానం? సంకల్పించారు, ఖర్చు పెట్టారు, ఫలంలో భాగం వాళ్లకు ఉంది. చూసే పని మాత్రం వాళ్ల ఫోను చేయలేదు. తెర మీద ఆన్ అని కనిపించినప్పుడు రిలే కలిసిందని మాత్రమే ఆ ఫోనుకు తెలుసు, బల్బు మాడిపోయిన సంగతి తెలియదు. బ్రహ్మను అగ్ని పక్కనే కూర్చోబెట్టారు, ఊరి బయట కాదు. కాబట్టి ఆ పని ఇంట్లో ఉన్న తల్లిదో, తాళంచెవి దగ్గరుంచుకున్న పక్కింటివాళ్లదో కావాలి. ఇల్లు తాళం వేసి ఉండి, చూసేవాళ్లు ఎవరూ లేకపోతే ఆ వెలుగును దొంగల భయానికి పెట్టిన దీపంగా ఉంచుకోవచ్చు, సందె దీపంగా లెక్కవేసుకోకూడదు. ఆ లెక్క కావాలనుకున్న కొడుకు తానున్న చోట, అక్కడి పొద్దును బట్టి దీపం పెట్టుకోవాలి. న్యూజెర్సీలో డిసెంబరు సూర్యుడు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే దిగిపోతాడు, ఆ వేళకు అతను ఇంకా ఆఫీసులోనే ఉంటాడు. అందువల్ల అక్కడా టైమరే పెట్టుకోవలసి రావచ్చు. అక్కడైతే రాత్రికి ఇల్లు చేరి, దీపం వెలిగిందో లేదో చూసి, వెలగకపోతే బ్యాటరీ మార్చే మనిషి అతనే.